నల్ల టార్చి రబ్బరు బొత్తాం

మా ఆయన సుబ్బరాయప్పకు చింతామణి బస్టాండు దగ్గర ఎలక్ట్రికల్ అంగడి ఉంది. బల్బుల గురించో, వైర్ల గురించో అడిగితే ధర చెప్పి ఊరుకుంటాడు. టార్చిలైటు గురించి అడిగారో, ఇక ఆ పూటకు మీ పని అయినట్టే.

వెలుతురు సంగతి కాదు ఆయనకు, స్విచ్ సంగతి. పాత రేకు టార్చికి పక్కన ముందుకు తోసే బిళ్ల ఉంటుంది. బురద చేత్తో తోసినా గరగరమంటూ పోయి కూర్చుంటుంది. చార్జింగు పెట్టే ప్లాస్టిక్ టార్చికి మెత్తటి బొత్తాం. ఒకసారి నొక్కితే ఎక్కువ వెలుతురు, ఇంకోసారికి తక్కువ, మూడోసారికి మిణుకుమిణుకు, నాలుగోసారికి గానీ ఆరదు. దాన్ని చూస్తేనే ఆయనకు ఒళ్లు మంట. ఆయన ప్రాణమంతా నల్ల టార్చి మీదే. దానికి వెనక అడుగున గట్టి రబ్బరు బొత్తాం ఉంటుంది. సగం నొక్కితే వెలుగుతుంది, వేలు తీస్తే ఆరిపోతుంది. బొటనవేలితో లోపలిదాకా నొక్కితే టక్కుమని, ఇక వెలుగు నిలబడిపోతుంది. ఆ టక్కు వినిపించనిదే ఆయన ఎవరికీ అమ్మడు. ముప్పై రెండేళ్ల కాపురంలో నా చెవి దగ్గరా ఎన్నోసార్లు పెట్టబోయాడు. పొయ్యి మీద చారు పొంగిపోతోందని తప్పించుకునేదాన్ని.

పోయిన ఫిబ్రవరిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలూ తిరిగొచ్చింది. కుడిచేతి బొటనవేలు మాత్రం మొండికేసింది. వ్యాయామం చేయించే అమ్మాయి రూప ఒక రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. ఆయన దాన్ని మంచం కిందికి విసిరేశాడు.

"నల్ల టార్చి నొక్కిన దినమే అంగడికొస్తా. గిరాకోళ్ల ముందర చెయ్యి వణికిస్తా కూసోలేను" అన్నాడు.

ఇంట్లో ఉన్న నల్ల టార్చిని రోజూ నొక్కేవాడు. వెలిగేది, టక్కుమనకుండానే ఆరిపోయేది. తర్వాత గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం సగం వదిలేసేవాడు. అంగడి నేను చూసుకోగలను, చూసుకున్నాను కూడా. కానీ గోడవైపు తిరిగిన మనిషిని ఏం చేయను? నాకు భయం పట్టుకుంది.

అందుకే ఒక పని చేశాను. మా పక్క అంగడిలో మిక్సీలు రిపేరు చేసే చంద్రు దగ్గరికి ఆ టార్చి పట్టుకుపోయాను.

"దీని స్విచ్ పీకి మెత్తది ఏదన్నా వెయ్యప్పా. చిన్నబిడ్డ నొక్కినా వెలగల్ల."

"ఆయప్పకు తెలిస్తే నన్ను బతకనీడక్కా!"

"నువ్వు నోరు మూసుకుంటే ఎట్ల తెలుస్తాది?"

మరుసటి రోజు పొద్దున ఆయన నొక్కాడు. టార్చి వెలిగింది, ఆరలేదు. ఆయన టార్చిని కాసేపు చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. నేనప్పటికే కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నాను. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడుపొచ్చింది.

"వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది" అన్నాడు. ఆ పూట అన్నం రెండోసారి వడ్డించమన్నాడు.

అంగడికి మాత్రం వెంటనే బయలుదేరలేదు. "ఇంకో ఇరవై దినాలు పోనీలే" అన్నాడు. అదే మంచిదనుకున్నాను. ఆ రోజుల్లోనే ఆయన గదిలో బల్లి పలకడం మొదలుపెట్టింది. పొద్దునా సాయంత్రం టక్, టక్. తూర్పు మూల నుంచి వస్తోందని పంచాంగం వెనక పేజీల్లో ఫలం చూశాను. శుభమనే ఉంది. ఆయనకూ చెప్పాను. నవ్వాడు.

ఒక సోమవారం స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, "పద" అన్నాడు. అంగడిలో డబ్బాల్లో ఉన్నవన్నీ గట్టి స్విచ్చులే. చంద్రు స్విచ్ మార్చిన టార్చిని సంచిలో వేసుకుని వెనకే నడిచాను.

గంట కాకముందే మురుగమల్ల ఊరి నుంచి గంగప్ప వచ్చాడు. మాకు పాత గిరాకీ. "బాగుండావా సుబ్బరాయప్పా? మోటారు షెడ్డు కాడికి నల్ల బ్యాటరీ లైటు ఒకటియ్యి" అన్నాడు.

నేను గబగబా సంచిలోది తీసి, "ఇదిగో, ఇది చూపియ్యండి" అన్నాను. ఆయన దాన్ని పక్కకు నెట్టి కొత్త డబ్బా విప్పాడు. గంగప్ప చూస్తున్నాడు. అందరి ముందూ ఓడిపోతాడు, నావల్లే ఓడిపోతాడు, మళ్లీ గోడవైపు తిరిగి లేవడు అనుకుని కళ్లు మూసుకున్నాను.

టక్.

కళ్లు తెరిచేసరికి టార్చి గంగప్ప చెవి దగ్గర ఉంది. వెలుగు నిలబడే ఉంది. మా ఆయన బొటనవేలు బొత్తాం మీద నుంచి లేచి గాల్లో ఉంది. నేను స్టూలు మీద కూలబడ్డాను.

గంగప్ప వెళ్లాక మా ఆయన జేబులోంచి చిన్న రబ్బరు స్విచ్ తీసి నా ఒళ్లో వేశాడు. చంద్రు పీకిన అసలు స్విచ్ అది.

"నీ బల్లి ఇదేనే" అన్నాడు. "మొదటి దినమే తెలిసింది. టక్కుమనేది పుసుక్కుమంటే నాకు తెలీదా? నువ్వట్ల పోతానే చంద్రునికి ఫోన్ చేసి ఇది తెప్పించుకుంటి. టువాలు కింద పెట్టుకుని నొక్కినా, నొక్కినా... నిన్నటికి పదిటికి పది పడినాయి."

"అప్పుడే చెప్పకూడదా? ఇన్నాళ్లూ దొంగమాదిరి తిరిగినా!"

"నువ్వు అంత ఏడిస్తివి కదా సంతోషంతో. యాడ చెప్పేది? దాన్ని నిజం చెయ్యల్ల అనుకుంటి."

కోపమొచ్చింది. ఆ కోపంలోనే నెలల తరబడి గుండె మీదున్న బరువు దిగిపోయింది. పంచాంగం మాట తలచుకుని నవ్వూ వచ్చింది. కొత్త డబ్బాలోంచి ఇంకో టార్చి తీసి ఆయన కుడిచేతికిచ్చాను.

"ఇంకోసారి నొక్కండి" అని నా చెవి టార్చి దగ్గర పెట్టాను.

నొక్కాడు. ముప్పై రెండేళ్లుగా ఆయన వినమన్నదాన్ని మొదటిసారి విన్నాను. బాగుంది.