మూడో ఊట

మళ్లీ చెప్పు అన్నాను, ఇది మూడోసారి, తాలాంత్ విసుక్కోకుండా యంత్రానికి కన్ను ఆనించి మళ్లీ చెప్పాడు, నాలుగో అద్దం సున్నా అక్కా, ఐదోది అర మిల్లీమీటరు, అది గుట్ట కదలడం కాదు, నువ్వు ఇందాక బల్లకి మోకాలు తగిలించావు చూడు, అదీ, సర్వేలో పదిహేనేళ్లు నలిగినవాడు ఊరికే అనడు, మూడు రోజులుగా సున్నాలే, అయినా నా చెయ్యి కాగితం మీద రాయనంటుంది, ఎదురుగా లోయకి అడ్డంగా ఆ గుట్ట, బంగారం తీసేశాక మిగిలిన రాళ్లూ మట్టీ ఆరేళ్లుగా పోసి పోసి పెంచిన గుట్ట, ఎంత కదిలిందో చూడ్డానికి మేం అమర్చిన అద్దాలతో ఎండలో ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది, పొద్దున్నించీ ఏమీ తినలేదని ఇప్పుడు తెలిసింది నాకు, ఆకలి, ఎంత మంచి ఆకలి, తొమ్మిది రోజుల తర్వాత.

తొమ్మిది రోజుల కిందట గుట్ట నెత్తిన నెర్ర కనిపించిందని ఫోనొస్తే బిష్కెక్ నించి ఆగకుండా వచ్చాను, నలభై అడుగుల పొడవు, మోచేతిదాకా చెయ్యి పెట్టాను, లోపల చల్లగా ఉంది, అద్దాలు అమర్చిన మర్నాడు పదకొండు మిల్లీమీటర్లు కదిలింది, ఆ మర్నాడు పద్నాలుగు, తర్వాత పంతొమ్మిది, గని డైరెక్టరు ఫోన్లో సయరగుల్ గారూ, అక్టోబరులో నిలకడగా ఉందని సంతకం పెట్టింది మీరే కదండీ అన్నాడు, పెట్టాను, జారదోసే బలం కన్నా ఆపే బలం ఒకటి పాయింటు మూడు రెట్లని లెక్క కట్టి, దగ్గర ఉంచుకోవాల్సిన పసిబిడ్డ నిద్రపోతోందని నమ్మి తలుపేసుకుని వచ్చేసినట్టు పెట్టాను, గుట్ట కింద ఇరవై మూడు ఇళ్లు, అన్నీ ఖాళీ చేయించండి అన్నాను, అందరూ పై ఊరి బడికి మూటలతో నడిచారు, ఒక్క బాత్మా అవ్వ తప్ప, ఏమే పట్నం పిల్లా, గుట్టకి ఆ గాజుకళ్లు పెడితే ఆగుద్దా, నా ఆవు నేడో రేపో ఈనబోతోంది, నీ కాగితం చూసి దూడని కడుపులోనే ఆపుకుంటుందా, అంది, ఎనభై ఏళ్లు, తెల్ల తలగుడ్డ, చేతిలో కర్ర, ఆ కర్ర నా వైపే ఉంది, అవ్వా నీ కాళ్లు పట్టుకుంటాను అన్నాను, పట్టుకో, అవి నొప్పులుగానే ఉన్నాయి అంది.

ఆఖరికి ఆవుని నేనే తోలుకొస్తానంటే కదిలింది, ఆవు ముందు, అవ్వ వెనక, నా కన్ను గుట్ట మీద, ఏ రాయి దొర్లినా వినపడాలని ఊపిరి బిగబట్టి నడుస్తుంటే, ఆమె దడి దగ్గర ఆగిపోయి నేలకేసి చూసి, ఇంకా రాలేదేంటి ఈ యేడు అంది, ఏది రాలేదు అవ్వా, నడువు అన్నాను, ఊట, మూడో ఊట, మంచు కరిగితే వస్తుంది, నేను పెళ్లై వచ్చిన యేడు నించీ వస్తోంది, గుట్ట పోశాక కూడా దాని కిందనించి వచ్చేది, మే నెల సగమైంది, ఇంకా తడే లేదు అంది, అప్పుడు నేనూ ఆగి నేలకేసి చూశాను, మా పటంలో ఊటలు రెండే, నీటిమట్టం చూసే గొట్టాలన్నీ ఆ రెండింటి వెంటే పాతాం, అవన్నీ అంతా బాగుందనే చెబుతున్నాయి, బయటికి రాని నీళ్లు ఎక్కడికి పోతాయి, ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నాయి, గుట్టలు రాళ్ల బరువుకి పడవమ్మా, నీళ్లకి పడతాయి, అని బోర్డు మీద సుద్దముక్క విరిగేలా రాసిన మా మాస్టారు గుర్తొచ్చారు, అవ్వా ఎక్కడ, సరిగ్గా ఎక్కడినించి వచ్చేది, కర్ర ఎత్తి చూపించింది, ఆ ఎర్రబండకి ఇవతల, గొర్రెల దొడ్లు రెండు పట్టేంత దూరం.

బోరు యంత్రాన్ని గుట్ట కింద పెట్టనివ్వలేదు, పక్క ఒడ్డున గట్టి రాతి మీద నిలిపి అడ్డంగా లోపలికి తొలిపించాను, ఒకరోజు పొడి, రెండోరోజు మధ్యాహ్నందాకా పొడి, బోరువాళ్లు గొణిగారు, ముసలమ్మ కలగంటే మనం కొండలు తొలవాలా అని, అద్దం ఇరవై ఆరు చూపించింది, ఇంకో నాలుగు మీటర్లు అన్నాను, దేవుడా ఇంకో నాలుగు, మూడో మీటరులోనే వచ్చింది, ముందు బురద, తర్వాత మనిషి తొడంత నీటిధార, తాలాంత్ టోపీ గాల్లోకి విసిరేసి అది నీళ్లలో కొట్టుకుపోతుంటే వెంట పరిగెత్తాడు, మర్నాడు తొమ్మిది, తర్వాత రెండు, తర్వాత సున్నా, సున్నా, ఇవాళ కూడా సున్నా, రాసేశాను, చెయ్యి రాసింది.

బడి ముందు అందరూ నా మొహంకేసే చూస్తున్నారు, ఇళ్లకి వెళ్లొచ్చు అన్నాను, ఎవరో ఏడ్చారు, ఎవరో అప్పుడే టీ కాచే సమోవార్ సర్దుతున్నారు, అద్దాలు అక్కడే ఉంటాయి, గంట కొడితే మళ్లీ పైకి రావాలి అంటుంటే సగంమంది వినడమే లేదు, అవ్వ నా చేతిలో రొట్టె, దాని మీద గరిటెడు వెన్న పెట్టింది, వెనకాల దూడ, మచ్చల దూడ, వంకరకాళ్లతో నిలబడడం నేర్చుకుంటోంది, నమిలి మింగకుండానే అడిగాను, అవ్వా, పటం గీసినవాళ్లకి మూడో ఊట సంగతి ఎందుకు చెప్పలేదు, వాళ్లు అడిగితే కదా, అయినా వాళ్లు వచ్చింది ఆకురాలే రోజుల్లో, అప్పుడది ఉండదుగా, చూపించడానికేముంది, పొడి నేల, సరే నువ్వెప్పుడొస్తావు ఏటా, అంది, ఆమెకి అది మామూలు ప్రశ్నే, నా నోట్లో వెన్న కరిగిపోతోంది, అక్టోబరులో అవ్వా అన్నాను, ప్రతి యేడూ, దారులు ఎండి బాగుంటాయని, కారు పైదాకా వస్తుందని, ఆరేళ్లు నేను ఆ గుట్టని అది నీళ్లు తాగని రోజుల్లోనే వచ్చి చూసి, నిలకడగా ఉందని రాసి వెళ్లిపోయాను.