పుస్తకాల చీటీ పాట

నేను ఒక గరిటెను. ఇత్తడి గరిటెను. స్టీలు గరిటెలతో కలిపి నన్ను లెక్కెయ్యొద్దని ముందే మనవి చేసుకుంటున్నాను. వాటి పుట్టుక వేరు, మా పుట్టుక వేరు.

గోదావరి పక్కన అజ్జరం అనే ఊళ్లో పుట్టాను. కరిగిన ఇత్తడిని మూసలో పోసి, చల్లారాక ఆకురాయితో ఓపిగ్గా రాకి నన్ను తయారుచేసినాయన, ఎత్తి చూసుకుని, "ఇది మూడు తరాలు పులుసు కలుపుతుంది" అన్నాడు. పులుసు వరకూ ఆయన మాట నిజమే. పుస్తకాల సంగతి పాపం ఆయన ఊహించలేదు.

మొదట పెళ్లివంటల సూరన్న చేతిలో పడ్డాను. మహా చెయ్యి. అంతకు మించిన కోపం. ఒక పెళ్లిలో సాంబారులో ఉప్పు రెండుసార్లు పడిందని నన్ను విసిరికొట్టాడు. ఉప్పు వేసింది ఆయనే. నా మొహానికి సొట్ట పడింది, నాకింక పెళ్లిళ్లలో మర్యాద లేకుండా పోయింది. సగం ధరకి ఏలూరులో ఒకావిడ కొనుక్కుంది. ఆవిడ పోయాక కోడలు మంగతాయారుకి వచ్చాను. మనుషులు తప్పు తాము చేసి సొట్ట మాకు పెడతారు. ఈ మాట మీకూ అనుభవమే అయ్యుంటుంది.

మంగతాయారు చీటీలు వేసేది. ప్రతి నెలా ఆవిడ వసారాలో పాట. అవసరం ఉన్నవాళ్లలో ఎవరు ఎక్కువ వదులుకుంటానంటే ఆ నెల చీటీ వాళ్లది. ఆవిడ స్టీలు పళ్లెం బోర్లించి దానిమీద నన్ను టంగుమనిపించి, "ఒకటోసారి... రెండోసారి..." అనేది. మూడోసారి నేను మోగానంటే ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు. వంటింట్లో నన్ను తోమేవాళ్లు లేకపోయినా వసారాలో నా పరపతి అలాంటిది.

బ్యాంకులు ఫోన్లలోకి దూరాక డబ్బు చీటీ ఆగిపోయింది. చీటీ ఆగింది గానీ ఆ పన్నెండుమంది ఆడవాళ్లకీ నెలకోసారి గొంతు చించుకుని అరవకపోతే అన్నం అరగడం మానేసింది. వాళ్లలో సుగుణమ్మ అని రిటైరైన నర్సు ఉంది, అందరూ సిస్టర్ అంటారు. "నెలకో పుస్తకం చదువుదామండీ, బుర్రకీ మంచిది, బీపీకీ మంచిది" అంది. అందరూ భేషన్నారు. ఏ పుస్తకం అనేసరికి పన్నెండు పుస్తకాలు లేచాయి. కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. మంగతాయారు లోపలికొచ్చి ఉడుకుతున్న పప్పులోంచి నన్ను లాక్కుపోయి పళ్లెం మీద కొట్టింది.

"పాడుకోండి!"

పాట నియమం ఇది. ఎవరు సభ్యులచేత తక్కువ పేజీలు చదివిస్తామంటే వాళ్ల పుస్తకమే ఆ నెలకి. మినహాయించిన పేజీలన్నీ పాడుకున్న మనిషే చదివి, పై నెల కథ చెప్పాలి. "నాది నూట యాభై చదివితే చాలు!" "నాది వంద!" "అరవై, పైగా బొమ్మలున్నాయి!" ఇలా సాగేది. మనుషులు పుస్తకం చదవడానికి పడే శ్రమ కంటే చదవకుండా ఉండడానికి పడే శ్రమ ఎక్కువని నాకు అప్పుడే తెలిసింది.

మొదటి నెల భ్రమరాంబ ఒక హత్య నవల పాడుకుంది. పాట వేడిలో చివరి ఇరవై పేజీలు కూడా మినహాయించేసింది. హంతకుడెవరో ఊరంతటికీ ఆవిడ ఒక్కదానికే తెలుసు. ఆ నెలంతా ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగలేదు. గారెలొకరు, పులస ముక్కలొకరు, గుత్తొంకాయొకరు పంపేవారు. ఆవిడ తిని, "ఇంకా చెప్పబుద్ధి కావట్లేదే" అనేది.

దాంతో మంగతాయారు ఇంకో నియమం పెట్టింది. పాడుకున్నావిడ సభ్యుల పేజీలు చూడకూడదు, సభ్యులు ఆవిడ పేజీలు చూడకూడదు. ఎవరి వంతు వాళ్లు తెచ్చి చెప్పుకుంటేనే పుస్తకం పూర్తయినట్టు. చదివేదాన్ని ఇంత పకడ్బందీగా అడ్డుకునే సంఘం మరెక్కడా ఉండదని నా నమ్మకం.

ఇప్పుడు ఆ పన్నెండుమందిలోనే ఉన్న శేషారత్నం సంగతి చెప్పాలి.

ఆవిడ భర్త పానకాలరావుగారు లెక్కల మాస్టారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లెక్కలు తప్ప మాట్లాడని మనిషి, రిటైరయ్యాక సొంత ఖర్చుతో ఒక నవల అచ్చేయించుకుని, ఏడాది తిరక్కుండా పోయారు. ఎవరూ చదవలేదు. ఒక రోజు శేషారత్నం వంటింట్లో పీట మీద కూర్చుని మంగతాయారుతో అన్న మాటలు, పులుసులో ఉండి నేను విన్నాను.

"అందులో నేనున్నానో లేనో తెలీదు వదినా. తెరవబోతే చేతులాడవు. ఉంటే ఏం రాసిపెట్టారో అని భయం. లేకపోతే... అది ఇంకా భయం."

"దానికేం, నేను చదివి చెప్తాలే."

"నువ్వా? నువ్వు నా మొహం చూసి మంచే చెప్తావు. పదకొండుమందీ చదివితే అందరూ ఒకటే అబద్ధం ఆడలేరు కదా."

నాకు ఆవిడంటే మొదట్నించీ ఇష్టం. ఆ రోజు మరీ ఇష్టమైంది.

ఆ నెల పాటకి శేషారత్నం మాస్టారి నవల తెస్తే, భ్రమరాంబ తన అల్లుడు రాసిన రొయ్యల మేత పుస్తకం పట్టుకొచ్చింది. వంద నుంచి మొదలైంది. ఎనభై, యాభై, ముప్ఫై. రొయ్యలు తగ్గడం లేదు, మాస్టారూ తగ్గడం లేదు. మిగతావాళ్లకి పండగే, ఎవరు గెలిచినా చదివేది తగ్గిపోతోంది. "అయిదు!" అంది భ్రమరాంబ. "మూడు!" అంది శేషారత్నం. పేజీ తగ్గినప్పుడల్లా వాళ్లు తనకోసం చదివేది తగ్గిపోతోందని ఆవిడకి తెలుసు. పాడకపోతే అదీ ఉండదు.

"రెండు!"

"ఒకటి!"

"అర పేజీ!" అని లేచింది భ్రమరాంబ.

"చాల్లే కూర్చో, పేజీలు చింపి అమ్మడానికి ఇదేం చేపల బజారా" అని మంగతాయారు నన్ను ముచ్చటగా మూడుసార్లు మోగించింది.

ఆ ఒక్క పేజీ ఏదో తేల్చడానికి, కళ్లు మూసుకుని నా కాడని పుస్తకంలో గుచ్చి తెరిచారు. తొంభై ఒకటో పేజీ. నేను కావాలని చెయ్యలేదు, నాకు చదవడం రాదు. సిస్టర్ దానికి జిరాక్సులు తీయించింది, మంగతాయారు ఆ పేజీ మీద తెల్లకాగితం అంటించి పుస్తకం శేషారత్నం చేతికిచ్చింది.

అప్పుడు తట్టింది ఆవిడకి. ఎవరైనా చదివిపెడితే చాలనుకున్న పుస్తకం, ఆ పేజీ తప్ప మొత్తం తనే చదవాలి. వసారా మెట్ల మీద కాసేపు అలాగే నిలబడిపోయింది. కానీ ఏనాడూ చీటీ ఎగ్గొట్టిన మనిషి కాదు.

పై నెల అందరూ వచ్చారు. పదకొండుమందీ జిరాక్సులు మడిచి తెచ్చుకున్నారు. భ్రమరాంబ ఆ ఒక్క పేజీనీ రెండు విడతలుగా చదివిందట. నేను మంగతాయారు చేతిలో, కొత్త పాటకి సిద్ధంగా ఉన్నాను. శేషారత్నం కథ చెప్పింది. హీరో బ్రహ్మచారి. ఆఫీసుకెళ్తాడు, వస్తాడు, జీవితం గురించి ఆలోచిస్తాడు. తల్లి ఉంది, మేనేజరున్నాడు, ఒక కుక్క కూడా ఉంది.

"ఒకసారి రైలెక్కుతాడు. ఆ తర్వాత మీ పేజీ. దాని తర్వాత మళ్లీ ఇంట్లోనే ఉంటాడు. మధ్యలో ఏముంటుందిలెండి, కిటికీలోంచి చెట్లు చూసుంటాడు." పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. "నేను లేనండీ. కుక్కకి పేరు పెట్టారు. నేను మాత్రం ఎక్కడా లేను."

నాకు చాలా కష్టమనిపించింది. సిస్టర్ కళ్లజోడు సవరించుకుని తన జిరాక్సు విప్పింది.

"మా వంతు చదవాలిగా రత్నంగారూ. వినండి." గొంతు సవరించుకుని చదివింది. "బెజవాడ దాటగానే పక్క సీటావిడ క్యారేజీ విప్పింది. నన్నడగలేదు, పులిహోర ఆకులో పెట్టి చేతికిచ్చింది. టికెట్లు చూడ్డానికొచ్చినాయనకీ పెట్టింది. ఇంత తక్కువ తింటే ఉద్యోగం ఎలా చేస్తావయ్యా అని ఆయన్ని కోప్పడింది. దుగ్గిరాల దాటాక నిద్రపోయింది. తల నా భుజం మీదికి వాలింది. తెనాలి వచ్చింది. నేను దిగాల్సింది అక్కడే. కదిలితే ఆమె లేస్తుంది. బోర్డు కిటికీలోంచి కనిపించింది, వెళ్లిపోయింది. బాపట్ల దాకా ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చుకున్నాను."

"టీసీకి పులిహోర పెట్టి తిట్టే ఆడది ఈ జిల్లాలో ఇంకోత్తి ఉందా?" అంది భ్రమరాంబ. "చదవగానే అది మీరేనని మా అందరికీ తెలిసిపోయింది. మా వంతు వచ్చేదాకా నోరు కట్టుకుని కూర్చున్నాం, నియమం కదా అని."

శేషారత్నం సిస్టర్ చేతిలోని కాగితాన్నే చూస్తోంది.

"మా చెల్లెలి పెళ్లిచూపులకి వెళ్తున్నాం ఆ రోజు," అంది. "బాపట్లలో మెలకువొచ్చింది నాకు. ఇదేవిటండీ తెనాలి ఏదీ అంటే, నాకూ కునుకు పట్టేసిందన్నారు. మేం వెనక్కెళ్లేసరికి పెళ్లివారు వెళ్లిపోయారు. ప్లాట్‌ఫారం మీదే నానా మాటలూ అన్నాను. ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. పోయేదాకా నిద్రమొహం, నిద్రమొహం అనే పిలిచాను." ఒళ్లోని పుస్తకాన్ని తడిమింది. "ఒక్కసారైనా కాదనలేదు ఆ మనిషి."

మంగతాయారు ముక్కు తుడుచుకోడానికి కొంగుతో పాటు నన్నూ ఎత్తింది. నాకూ కాస్త తడి అంటింది. నేను ఎన్ని ఉప్పులు రుచి చూశానో, ఇది కొత్తది.

అందరికంటే ముందు భ్రమరాంబ తేరుకుంది. "వచ్చే నెల పాట లేదు, గీట లేదు. ఇదే పుస్తకం. మొత్తం చదువుదాం."

"వద్దమ్మా తల్లీ," అంది శేషారత్నం, కళ్లు ఒత్తుకుంటూనే నవ్వేస్తూ. "మిగతాదంతా నేను చదివాను కదా. ఒట్టి సోది. మీకెందుకా పాపం, రొయ్యల పుస్తకం పెట్టుకోండి. ఆ పేజీ మాత్రం ఇంకోసారి చదవండి సిస్టర్. తెనాలి దగ్గర కాస్త నెమ్మదిగా."