స్తంభం ముక్కు

మా సొల్మే పక్కన కూర్చుని అన్నం తినడానికి ఒక్క పిల్లయినా ఉండాలని నేను అల్లిక నేర్చుకున్నాను. ఇంకో కారణం లేదు.

మా అమ్మాయి చదివే బడి వంటింట్లోనే నాకు పని. పిల్లల పళ్ళేల్లో పులుసు పోస్తాను. మూడో తరగతి వరుస వచ్చినప్పుడు సొల్మే నన్ను చూడనట్టే పళ్ళెం చాపుతుంది, నేనూ ఎవరో పిల్లకి పోసినట్టే పోస్తాను. అది మా ఇద్దరి ఒప్పందం. తర్వాత కిటికీ వైపు బల్ల చివరికి వెళ్ళి కూర్చుంటుంది. పక్క కుర్చీ ఖాళీ, ఎదురు కుర్చీ ఖాళీ. పోయిన వేసవి ముందు ఒక పొద్దున దాని దిండు మీద కనురెప్పల వెంట్రుకలు కనపడ్డాయి. తనే పీక్కుంది. లెక్కపెట్టాను, పదకొండు. అప్పటినుంచి ఫోను మోగితే చాలు, బడి మూడో అంతస్తు కిటికీలే కళ్ళముందుకొస్తాయి. ఆ కిటికీలకి ఊచలున్నాయో లేవో చూడ్డానికి రెండుసార్లు పైకెక్కి వచ్చాను. ఉన్నాయి. అయినా సరే.

అక్టోబరులో బడిలో సంత పెడతారు. ఈసారి మా తరగతి బల్ల మీద అంట్లు తోముకునే పీచులు అమ్మాలని హేరం వాళ్ళమ్మ అంది. తరగతి అమ్మలందరికీ ఆవిడే పెద్ద. తళతళలాడే దారంతో గుండ్రంగా అల్లే పీచులు మా కున్‌సాన్ ఊళ్ళో ప్రతి ఇంటి సింకు దగ్గరా ఉంటాయి. బల్ల వెనక ఒకే రకం ఏప్రాన్‌లు కట్టుకుని ముగ్గురు ఆడపిల్లలు నిలబడతారు. ఎవరు నిలబడితే వాళ్ళు ఆ ఏడాదంతా ఒక జట్టు. ఇది ఎక్కడా రాసిలేదు గానీ అందరికీ తెలుసు. హేరం, జుహా ఖాయం. మూడో చోటు ఖాళీగా ఉంది.

మంగళవారం హేరం వాళ్ళింటికి వెళ్ళాను. చలి మొదలైందని నేల కింది గొట్టాల్లో వేడి పెట్టారు. ఉడకబెట్టిన చెస్ట్‌నట్ కాయల గిన్నె చుట్టూ కూర్చున్నాం, ఆవిడా జుహా వాళ్ళమ్మా నేనూ.

"ఆరుతో మొదలుపెట్టు. తర్వాత చుట్టు చుట్టుకీ ఆరు పెరగాలి. ఆరు, పన్నెండు, పద్దెనిమిది. తక్కువైతే గిన్నెలా లేస్తుంది, ఎక్కువైతే కుచ్చిళ్ళు పడతాయి. అంతే, చంటిపిల్లలు కూడా చేస్తారు," అంది హేరం వాళ్ళమ్మ.

మా భాషలో మొహం మీది ముక్కుకీ అల్లికలో కుట్టుకీ ఒకటే మాట. అల్లేవాళ్ళు ముక్కులు లెక్కపెడతారు. ప్రతి చుట్టు మొదట్లో పైకి ఎక్కడానికి ఒకటి వేస్తారు, దాని పేరు స్తంభం ముక్కు. నేను తక్కువ చదివినదాన్ని, అడగడానికి సిగ్గుపడను.

"అక్కా, ఈ స్తంభాన్ని కూడా ఆరులో కలపాలా?"

ఆవిడ కాయ తొక్క తీస్తోంది. తలెత్తలేదు.

"ముక్కు అన్నాక ముక్కే కదా. నీ మొహం మీదున్నదాన్ని లెక్కపెట్టకుండా వదిలేస్తావా?"

జుహా వాళ్ళమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను కలిపి లెక్కపెట్టాను.

ఐదో చుట్టుకి అంచు లేచింది. ఎనిమిదో చుట్టుకి గిన్నె అయింది. చేత్తో అదిమితే అణుగుతుంది, వదిలితే లేస్తుంది. హేరం వాళ్ళమ్మ దాన్ని తీసుకుని కాయల తొక్కలు అందులో పోసింది.

"పోనీలే, తొక్కలకి గిన్నె దొరికింది."

"టోపీ కూడా అవుతుంది అక్కా," అంటూ జుహా వాళ్ళమ్మ తొక్కలు దులిపి నా తల మీద పెట్టింది. "బాగుంది. వంటింట్లో పెట్టుకోవచ్చు, పులుసులో వెంట్రుకలు పడవు."

ఇద్దరూ నవ్వారు. నేను టోపీ తియ్యలేదు. తీస్తే కోపం వచ్చిందనుకుంటారని.

"వందలమందికి వండుతావు కదా, లెక్కలు వచ్చనుకున్నాను," అంది హేరం వాళ్ళమ్మ గుమ్మం దాకా వచ్చి. "వచ్చే మంగళవారానికి ఐదు తీసుకురా. చదునుగా ఉంటే సొల్మేకి చోటు. గిన్నెలు తెచ్చావనుకో, ఎవరు కొంటారు చెప్పు. పిల్లలు అల్లరి చేస్తారు, నువ్వే బాధపడతావు."

వారమంతా అల్లాను, విప్పాను. విప్పిన దారం నూడుల్స్‌లా వంకర్లు తిరిగిపోయింది. నేను లెక్క తప్పలేదు. ప్రతి చుట్టుకీ వేలు పెట్టి పైకి చదువుతూ లెక్కపెట్టాను. ఆరు, పన్నెండు, పద్దెనిమిది. అయినా గిన్నే.

సొల్మే ఒకదాన్ని తీసుకుని కుర్చీలో పెట్టుకుని దాని మీద కూర్చుని లెక్కలు చేసుకుంది. రెండు గంటలు లేవలేదు. నీళ్ళు తాగడానికి కూడా లేవలేదు. చివరికి లేచి నిలబడి చూసింది. పీచు కాసేపు పళ్ళెంలా పడుకుని ఉంది. తర్వాత అంచు మెల్లగా, ఎవరో నిద్ర లేస్తున్నట్టు, పైకి లేచింది.

"హేరం చెప్పిందమ్మా. నువ్వు చేతకానిదానివట. చదును కాకపోతే నేను బల్ల దగ్గరికి రాకూడదట."

అలా అంటూ చెయ్యి కంటిరెప్ప దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ చేతి మీద కొట్టాను. గట్టిగానే తగిలింది. నాలుగు వేళ్ళూ తేలాయి. అది ఏడవలేదు, ఆ చేత్తోనే పీచుని మళ్ళీ అదిమింది.

సోమవారం బడి వంటింట్లో, నాతో పనిచేసే బొంగ్న్యో పెద్దక్క ముల్లంగి తరుగుతూ నా సంచిలోంచి బయటికి కనపడుతున్న పీచు లాగి చూసింది. అరవై దాటిన మనిషి, చూపు తగ్గింది. వేళ్ళతోనే తడిమింది.

"ఎవరు నేర్పారే నీకు?"

చెప్పాను.

"స్తంభాన్ని కలిపేశావు. చుట్టుకి ఒకటి చొప్పున తగ్గిపోతోంది. పేరుకి ముక్కు గానీ అది ముక్కు కాదే. ఇంటికి స్తంభం ఉంటే దాన్ని కూడా ఇంట్లో మనిషని లెక్కేసి అన్నం పెడతామా?"

"అడిగాను పెద్దక్కా. కలపమంది."

ఆవిడ కత్తి ఆపి నావైపు చూసింది. "నాలుగు పీచులు అల్లినవాళ్ళకెవరికైనా తెలిసే సంగతి," అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నమే కొత్త పిల్ల బోమిని చూశాను. వాండో దీవి నుంచి వచ్చారు, తండ్రికి ఇక్కడి ఓడరేవులో పని దొరికింది. ఎవరూ చెప్పకుండానే తిన్నగా వెళ్ళి సొల్మే ఎదురుగా కూర్చుంది. తన పళ్ళెంలోంచి కౌజుపిట్ట గుడ్డు తీసి సొల్మే పళ్ళెంలో వేసి ఏదో అంది. సొల్మే నవ్వింది. ఊడిన పన్ను సందు గరిట దగ్గరనుంచి నాకు కనిపించింది.

నేను సంతోషపడాలి. కానీ నాకు భయం వేసింది. ఒంటరి పిల్లని జనం మర్చిపోతారు. పక్కకి నెట్టేసిన పిల్లలు ఇద్దరైతే ఒక పేరు పెడతారు, ఒక పాట కడతారు, వెంటపడతారు. బోమి యాసకి అప్పుడే పక్క బల్లవాళ్ళు నవ్వుతున్నారు. సొల్మేని ఆ బల్ల నుంచి లేపాలి. హేరం పక్కకి చేర్చాలి. అదొక్కటే దారి అనిపించింది.

ఆ సాయంత్రానికి ఐదు పీచులు అయ్యాయి. ఐదూ నేలకి అతుక్కుని పడుకున్నాయి.

మంగళవారం హేరం వాళ్ళమ్మ ఒక్కోదాని మీదా అరచెయ్యి పరిచి చూసింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"నేనే కనుక్కున్నాను అక్కా."

"తెలివైనదానివే." ఆ మాట మెచ్చుకోలులా లేదు. తలుపు దగ్గర వండుకునే ఎండు సముద్రపు నాచు పెట్టెతో నిలబడ్డ మనిషిని లోపలికి పిలిచింది. బోమి వాళ్ళమ్మ. నాకంటే చిన్నది, చేతులు ఉప్పుకి పగిలి ఉన్నాయి.

"ఈవిడ కూడా అడుగుతోంది," అంది హేరం వాళ్ళమ్మ. "చోటు ఒకటే. అందుకని వచ్చే మంగళవారం దాకా చూసి చెబుతాను. సొల్మే వాళ్ళమ్మా, నువ్వు నేర్పు. నేను టీ పెట్టుకొస్తా."

బోమి వాళ్ళమ్మ నా పక్కన చేరింది. నాచు వాసన వచ్చింది. సూది తిన్నగా పట్టుకుంది, వలలు అల్లిన చేతులు. రెండో చుట్టు దగ్గర ఆగింది.

"అక్కా, ఈ స్తంభం కూడా లెక్కలోకి వస్తుందా?"

వంటింట్లో కప్పుల చప్పుడు ఆగిపోయింది. జుహా వాళ్ళమ్మ కాయ నోటి దగ్గర పెట్టుకుని నావైపే చూస్తోంది. వాళ్ళు చూస్తున్నది పీచుని కాదు, నన్ను. నేను ఎటువైపో చూస్తున్నారు.

"ముక్కు అన్నాక ముక్కే కదా," అన్నాను.

కప్పులు మళ్ళీ మోగాయి.

ఆవిడ పీచు గులాబీ రంగు గిన్నె అయింది. జుహా వాళ్ళమ్మ టోపీ అంది. అందరికంటే ముందు నేను నవ్వాను. బోమి వాళ్ళమ్మ కూడా మాతో నవ్వింది, మొద్దు చేతులు అక్కా, ఏం చెయ్యను అంది. గిన్నెని అక్కడే వదిలేసి, దారం ఉండ ఒకటి అడిగి పట్టుకెళ్ళింది.

మర్నాడు హేరం సొల్మేని తన బల్లకి పిలిచింది. నేను పులుసు పోస్తూ చూశాను. చివర కుర్చీయే, ఎవరూ దాంతో మాట్లాడటం లేదు, అయినా అందరి మధ్యా ఉంది. చెయ్యి కంటి దగ్గరికి పోలేదు. ఆ రోజు నేను అన్నం కడుపునిండా తిన్నాను.

గురువారం హేరం సంచిలోంచి గులాబీ గిన్నె తీసింది. సొల్మే చేతికిచ్చి కిటికీ వైపు చూపించింది. సొల్మే లేచింది. మొన్నటిదాకా తను కూర్చున్న బల్ల దగ్గరికి నడిచి, తల వంచుకుని తింటున్న బోమి నెత్తిన దాన్ని పెట్టింది. పెట్టి, బాగా పెట్టానా అన్నట్టు వెనక్కి తిరిగి హేరంని చూసింది. బల్లంతా గొల్లుమంది. సొల్మే కూడా నవ్వింది. పన్ను సందు కనిపించింది.

కాసేపటికి బోమి ఖాళీ పళ్ళెంతో నా దగ్గరికి వచ్చింది. టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకుంది, కొస బయటికి కనిపిస్తోంది.

"పిన్నీ, మీరే కదా మా అమ్మకి నేర్పింది. రెండు రోజులుగా అల్లుతోంది, గిన్నెలాగే వస్తోంది. ఎక్కడ తప్పు పోతోందో మిమ్మల్ని అడిగి రమ్మంది."

నా పక్కన బొంగ్న్యో పెద్దక్క అన్నం వడ్డిస్తోంది. ఎదురుగా హేరం బల్ల ఇటే చూస్తోంది. చివర కుర్చీలో సొల్మే కూడా.

"తప్పేం లేదని చెప్పు. స్తంభాన్ని మర్చిపోకుండా లెక్కపెట్టమను," అన్నాను.

పెద్దక్క చేతిలో గరిట గాల్లో ఆగింది. నేను బోమి పళ్ళెంలో పులుసు పోసి, ముల్లంగి ముక్కలు కొంచెం ఎక్కువ వేశాను.

బోమి పళ్ళెం పట్టుకునే మర్యాదగా తల వంచింది. పులుసు ఒలక్కుండా మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, కిటికీ దగ్గర సొల్మే కుర్చీలో కూర్చుంది.