కడిగి తెచ్చిన డబ్బా

మా అమ్మాయి ఎమిలీ తన టిఫిన్ డబ్బాను బడి నుంచి కడిగి తేవడం మొదలుపెట్టినప్పుడు నేను సంతోషించాను. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

సాయంత్రం అయిదున్నరకు నేను పాఠాలు చెప్పే బడి నుంచి అల్వాల్‌లోని ఇంటికి చేరేసరికి సింకులో పొద్దుటి టీ గిన్నె, ఇడ్లీ రేకులు, అత్తయ్యగారి మధ్యాహ్నపు కంచం ఉంటాయి. ఆరు దాటాక మా ఆయన జకర్యా గారి ఆఫీసు క్యారేజీ నాలుగు గిన్నెలతో వచ్చి వాటిలో చేరుతుంది. వీటన్నిటిలోంచి ఒక్క డబ్బా తగ్గినా అది నాకు సెలవులాగే అనిపించేది. అత్తయ్యగారు కూడా మెచ్చుకున్నారు. "పదో తరగతికి వచ్చాక పిల్లకి బాధ్యత తెలిసొచ్చింది, అంతా నా పోలిక" అన్నారు.

డబ్బా మూత లోపల ఒక రబ్బరు చుట్టు ఉంటుంది. ఎంత తోమినా తాలింపు వాసన దాన్ని వదలదు. మూడో వారంలో ఒకరోజు ఆ మూతను స్టాండులో బోర్లిస్తూ ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దానికి ఏ వాసనా లేదు. కొన్నాళ్లుగా నేను పెట్టిన అన్నం ఆ డబ్బాలో ఎంతోసేపు నిలవడం లేదు, పిల్ల పారబోసి కడిగేస్తోందన్నమాట. పిలిచి అడగాలనుకున్నాను. అడిగితే అది జవాబు చెప్పదు. నేను మళ్లీ అడగాలి, అది తలుపు వేసుకుంటుంది, అత్తయ్యగారు హాల్లోంచి ఏమైందంటారు. బల్ల మీద నలభై రెండు వ్యాసరచన పుస్తకాలు దిద్దడానికి ఉన్నాయి. మూతను స్టాండులో పెట్టేసి వెళ్లి వాటి ముందు కూర్చున్నాను. అలసట మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో ఆ రోజే నాకు తెలిసింది.

మరుసటి సోమవారం బడి ప్రార్థనలో ఎమిలీ కళ్లు తిరిగి పడిపోయింది.

ఫోను చేసి చెబితే జకర్యా గారు ముందు అడిగింది పిల్ల ఎలా ఉందని కాదు. "అసలు దానికేం పెడుతున్నావు కృపా?" అన్నారు. ఉద్యోగాలు చేసే తల్లుల పిల్లలు ఇలాగే ఎండిపోతారని, తాను నలుగురు పిల్లల్ని రేపల్లెలో ఏ డాక్టరు ముఖమూ చూపించకుండా పెంచానని అత్తయ్యగారు అన్నారు. ఆయనకు ఆఫీసులో ఆడిట్ జరుగుతోంది, రావడం కుదరదు. గురువారం నేను సెలవు పెట్టి ఎమిలీని నేరేడ్‌మెట్‌లో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాను. బయలుదేరుతుంటే ఆయన, "లోపల అది ఏమేం చెబుతుందో అన్నీ గుర్తుపెట్టుకుని రా. తల్లిదండ్రుల దగ్గర దాపరికాలేంటి?" అన్నారు. గుర్తుపెట్టుకోవడం నా పనుల్లో ఒకటి కాబట్టి సరేనన్నాను.

ఆసుపత్రి వరండాలో ఆయా పుష్పమ్మ చీటీ పట్టుకుని పిలిచింది. "ఎమిలీ తాలూకు ఎవరు?"

నేను లేచాను. తాలూకు అన్న మాట ఉర్దూలోంచి వచ్చిందని, సంబంధమని దాని అర్థమని తొమ్మిదో తరగతి పిల్లలకు చెబుతుంటాను. ఆసుపత్రుల్లో దానికి వేరే అర్థం ఉంది. సంచీలు మోసేది, చీటీలు దాచేది, తిట్లు పడేది ఎవరో వారే తాలూకు. అత్తయ్యగారి కంటి ఆపరేషనుకూ నేనే తాలూకు, ఆయన హెర్నియాకూ నేనే. నా గర్భసంచి ఆపరేషనుకు మాత్రం మా అమ్మ బాపట్ల నుంచి వచ్చింది.

డాక్టరు కామేశ్వరమ్మ గారికి అరవై ఏళ్లుంటాయి. బస్సులో వరుసగా కూర్చుకున్న మాటలన్నీ చెప్పడానికి నేను నోరు తెరవబోతుంటే చెయ్యెత్తి ఆపారు. ముందు అమ్మాయితో ఒంటరిగా మాట్లాడతానని, తర్వాత నన్ను విడిగా పిలుస్తానని అన్నారు. తల్లిని బయటికి పంపే వైద్యం నేనెక్కడా చూడలేదు. తలుపు మూసుకుంది.

"ఏందమ్మా, గట్ల తలుపునే సూస్తున్నవ్?" అంది పుష్పమ్మ. "నువ్వు సూస్తే జల్ది తెరుస్తరా? జెర కూసో."

లోపల నా మీదే చెబుతోందేమో అన్నాను. ఎవరితోనూ అనని మాట ఆమెతో అనేశాను.

"చెప్పనీ. నా బిడ్డ సుత ఇదే రూముల కూసోని నా మీద చెప్పింది. ఏం చెప్పిందో మేడమ్ నాకు ఇయ్యాల్టికి చెప్పలే. నేనైతే పెద్ద రాకాసినే అయ్యుంట." నవ్వింది. "చెప్పుకున్నంక దాని పరేషాన్ జెర తగ్గింది. నాకు గదే సాలు."

నేను కూర్చున్నాను. కూర్చుంటే ఆ ఏడు ఈస్టరు గుర్తొచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఫోటో తీయించుకున్నాం. నేనూ ఎమిలీ లేత పసుపు రంగు బట్టల్లో ఉన్నాం. వారం తర్వాత ఫోటో చేతికొచ్చినప్పుడు ఇంట్లో చుట్టాలున్నారు. జకర్యా గారు దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఫ్రేములో సగం తల్లీకూతుళ్లే ఉన్నారు. మిగతా సగంలో మేం సర్దుకున్నాం" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన చెడ్డవారు కాదు, నలుగురు నవ్వితే ఆయనకు బాగుంటుంది. "దీనిదంతా తల్లి ఒళ్లే" అని అత్తయ్యగారు ఎమిలీ బుగ్గ గిల్లారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఉడుక్కున్నానని ఇంకొంత నవ్వుతారు. ఆ రాత్రి నుంచి నేను అన్నం మానేశాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. అందరికీ వడ్డించి తర్వాత తినే మనిషి తిన్నదో లేదో ఎవరికి కనబడుతుంది? చపాతీ ముక్క ఉంటే అది, లేకపోతే మజ్జిగ. పొద్దున టీ, మధ్యాహ్నం స్టాఫు రూములో ఇంకో టీ. నవ్వని మనిషి ఆ రోజు ఇంట్లో ఒకరున్నారని, అది ఎమిలీ అని, ఆ బెంచీ మీద కూర్చునే వరకూ నాకు తట్టలేదు.

నన్ను పిలిచారు. ఎమిలీ నా ముఖం చూడకుండా పక్కనుంచి వరండాలోకి వెళ్లింది.

అమ్మాయి చెప్పినవన్నీ అమ్మాయివేనని, ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ముందు ఆమెకు చెప్పి తర్వాత నాకు చెబుతానని, ఇప్పటికి అలాంటిదేమీ లేదని డాక్టరు గారన్నారు. తిండి మీద భయం పట్టుకుందని, రక్తం తక్కువగా ఉందని, కొన్ని నెలలు పడుతుందని వివరించారు. వారం వారం తీసుకురావాలి. బరువు ఇక్కడే చూస్తారు, ఇంట్లో ఎవరూ చూడకూడదు. ఎవరి ఒంటి గురించీ, హాస్యానికైనా సరే, ఇంట్లో మాట రాకూడదు. డబ్బా కడక్కుండా తెమ్మన్నారు. ఎంత మిగిలితే అంత మిగలనీ, తిట్టకూడదు.

"వాళ్ల నాన్నగారు అడుగుతారు, లోపల ఏం చెప్పిందని" అన్నాను.

"అడగనివ్వండి. వచ్చే గురువారం ఆయన్నీ రమ్మనండి. ఎందుకు చెప్పనో నేనే చెబుతాను. ఆ బరువు మీకెందుకు?" ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదన్నట్టు కాగితం తిప్పారు. "పొద్దున ఏం తిన్నారు?"

ఇడ్లీ, అల్లం పచ్చడి, అత్తయ్యగారికి చక్కెర లేకుండా జావ, ఆయన క్యారేజీలోకి బెండకాయ వేపుడు, చారు అని చెప్పాను.

"వండింది కాదమ్మా, తిన్నది."

కిటికీ బయట ఎవరిదో స్కూటర్ స్టార్టు కావడం లేదు. టీ తాగానన్నాను.

"మీ అమ్మాయి ఒక్క మాట మాత్రం మీకు చెప్పమంది" అన్నారు డాక్టరు గారు. "తనని అడిగాకే చెబుతున్నాను. మా అమ్మ తినకుండానే అన్ని పనులూ చేస్తుంది, నేనెందుకు ఉండలేను, అంది."

ఆవిడ తన కుర్చీ పక్కనున్న మంచినీళ్ల సీసా నా వైపు జరిపి, కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నారు. వెళ్లమనలేదు. బయట పది మంది ఉన్నారు. అయినా ఆ గదిలో పది నిమిషాలు నేను ఎవరి తాలూకూ కాకుండా కూర్చున్నాను.

బస్సులో లాల్‌బజార్ దాటాక ఎమిలీ కిటికీలోంచి చూస్తూనే అడిగింది. "డాక్టర్ నీకేం చెప్పింది?"

"ఒక్కటే చెప్పారు."

"కోపమా అమ్మా?"

కాదన్నాను. నా ఒళ్లో ఉన్న సంచీని ఎమిలీ తీసి తన ఒళ్లో పెట్టుకుంది. దాని మణికట్టు ఆ సంచీ పిడి కంటే కాస్తే లావుగా ఉంది.

మా భోజనాల బల్లకు నాలుగు కుర్చీలు. నాలుగోదాని మీద ఎప్పుడూ ఇస్త్రీ చేయాల్సిన బట్టలుంటాయి. జకర్యా గారు ప్రార్థన చేసే సమయానికి నేను పొయ్యి దగ్గర అప్పడాలు వేయిస్తుంటాను, ఆమెన్ అక్కడి నుంచే అంటాను. ఆ సాయంత్రం పొయ్యి ఆపేసి వచ్చి, బట్టలన్నీ ఎత్తి దివాన్ మీద పడేసి, ఆ కుర్చీని బల్లకు దగ్గరగా లాక్కుని కూర్చున్నాను.

"అప్పడాలు లేవా అమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు.

"ఇవాళ లేవండీ."

"ఏమంది లోపల?" జకర్యా గారు ఎమిలీ ఎదుటే అడిగారు.

"నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. గురువారం మీరు రావాలి."

"నాకు ఆడిట్..."

"సెలవు పెట్టండి. ఇవాళ నేను పెట్టాను."

ఆయన నా వైపు, తర్వాత బట్టల్లేని కుర్చీ వైపు చూశారు. ఏదో చమత్కారం నోటి దాకా వచ్చినట్టుంది. ఎమిలీ తల వంచుకుంది. నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

ఆమెన్ అన్నాను, బల్ల దగ్గరే. అన్నం గిన్నె తీసుకుని ముందు నా కంచంలో వడ్డించుకున్నాను, రెండు గరిటెలు, నిండుగా. మజ్జిగ ఎవరు పోస్తారని అత్తయ్యగారు అడుగుతున్నారు. ఎమిలీ తలెత్తి నా చేతిని చూస్తోంది.

అది చూస్తుండగా పప్పు కలుపుకుని తిన్నాను.