గోడ అవతలి పిల్లలు

నా గొంతు పెద్దది. మా ఊరి బడిలో, కిర్రుకిర్రుమనే ఫ్యాన్ల కింద, డెబ్బై మంది పిల్లలకి పాఠం చెప్పి చెప్పి తయారైన గొంతు అది. ఈ ఎడారి దేశం వచ్చాక నా తరగతిలో ఉన్నది పద్దెనిమిది మందే. ఆ సంగతి నా గొంతుకి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ పొద్దున్నే ఎండ మాడు పగలగొడుతుంది. కారు తలుపు తీయాలంటే చేతికి కొంగు చుట్టుకోవాలి. తరగతిలో ఏసీ రొదపెడుతుంటే దాన్ని మించి నేను అరుస్తాను. పక్క గదిలో ఏడో తరగతి బి సెక్షన్‌కి సైన్సు చెప్పే మాస్టారు నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరిదీ ఒకే పీరియడు, ఒకే పాఠం. ఆయన మాట ముందు బెంచీ దాకా వెళ్ళడమే గొప్ప. అంతటి మెత్తనాయన నా మీద ఫిర్యాదు చేశాడు.

ప్రిన్సిపాల్ పిలిచింది. "పాఠం బాగా చెప్తారు మేడమ్, కాదనను. కానీ మీ పాఠం మీ గదిలోనే ఉండాలి. రేపు తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ గారి ముందు కూడా ఇలాగే అయితే మీ కాంట్రాక్టు పొడిగించడం నా చేతుల్లో ఉండదు."

ముందు ఒళ్ళు మండింది. ఆ తర్వాత గుండె జారింది. మా ఇద్దరి వీసాలూ నా ఉద్యోగం మీదే. అక్కడి ఉద్యోగం మానేసి నా కోసం వచ్చిన మా ఆయన ఇక్కడ ఈమధ్యే కుదురుకున్నారు.

"పెళ్ళైన దగ్గర్నుంచీ మెల్లగా మాట్లాడమని మొత్తుకుంటూనే ఉన్నా," అన్నారాయన.

"ఇంకాస్త గట్టిగా మొత్తుకోవాల్సింది," అన్నాను.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ మొదట పక్క గదిలోకి వెళ్ళాడు. నేను గుసగుసగా వాన పాఠం మొదలుపెట్టాను. ఇంతలో కరెంటు పోయింది. ఏసీ ఆగింది, కిటికీలు తెరిస్తే వేడిగాలి కొట్టింది. పిల్లలు ఒక్కొక్కరే బల్లల మీదికి వాలిపోయారు.

"టీచర్, ఒంట్లో బాలేదా?" అంది వెనక బెంచీ పిల్ల. "ఇవాళ మీ పాఠం మాకు అందట్లేదు."

ఆ మాట సూటిగా తగిలింది. గొంతు దాచుకుని ఉద్యోగం నిలబెట్టుకోవచ్చు, కానీ ఇలా నిద్రపుచ్చడానికా నేనింత దూరం వచ్చింది? ఏదైతే అదయింది అనుకుని చీర కొంగు దోపి గొంతెత్తాను.

మా బడుల్లో మాటలో చివరి ముక్క పిల్లలకి వదిలేయడం అలవాటు. "ఎండకి నీళ్ళు ఆవిరై పైకి..." అన్నాను.

"పోతాయి," అని లేచి కూర్చున్నారు నా పిల్లలు.

"పైన చల్లబడి మబ్బులు..."

"అవుతాయి." ఈసారి ఆ మాట కాస్త ఎక్కువ మంది అన్నట్టు వినిపించింది.

"మబ్బులు బరువెక్కి కురిసేదే..."

"వాన!"

ఆ అరుపు గోడ అవతల నుంచి వచ్చింది. బి సెక్షన్ మొత్తం, ఇన్‌స్పెక్టర్ ముందే, నాకు జవాబు చెప్పింది. ఇక పెట్టే బేడా సర్దుకోవడమే అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. చెమటలు కక్కుతూ ఇన్‌స్పెక్టర్, వెనకాల ప్రిన్సిపాల్, ఆ వెనక తల దించుకుని మాస్టారు.

"ఈ ఎండలో వాన కురిపించింది మీరేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అని వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. "మిగతాది కూడా చెప్పండి."

చెప్పాను. ఆయన కూడా పిల్లలతో కలిసి చివరి ముక్కలు అందుకున్నాడు. గంట కొట్టాక ప్రిన్సిపాల్ నా కాంట్రాక్టు మీద అక్కడికక్కడే సంతకం పెట్టింది.

అందరూ వెళ్ళాక మాస్టారు తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఫిర్యాదు మీ గొంతు మీద కాదు మేడమ్. నా పిల్లలు రోజూ మీకే జవాబులు చెప్తున్నారు, ఏసీ రొదలో మీకు వినపడదంతే. నాకు ఒక్కరూ చెప్పట్లేదు. ఆ కిటుకు నాక్కూడా నేర్పుతారా?"

పాపం అనిపించింది. మిగతా మధ్యాహ్నమంతా ఖాళీ గదిలో ఆయన చేత అరిపించాను, ఆయనకి చూపించడానికి నేనూ అరిచాను. సాయంత్రానికి ఆయన గొంతు లేచింది, నాది పూడుకుపోయింది.

ఇంటికొచ్చి మా ఆయనకి సంగతంతా చెప్పాను. చెప్పాననే అనుకున్నాను, గాలే తప్ప మాట రావడం లేదు.

ఆయన టీవీ కట్టేసి నా పక్కకి జరిగారు. "ఉద్యోగం ఉందా లేదా? కాస్త గట్టిగా చెప్పవే," అన్నారు.

పెళ్ళయ్యాక ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.