మిగిలిన మాత్రలు

పదకొండో గెల దగ్గర రూతు చేతులు పైకి లేవలేదు. అరటితోటలో ఆమె భర్త ఆశీర్వాదం గెల నరికి అందిస్తే, నెత్తిన తలగుడ్డ చుట్ట మీద పెట్టుకుని గట్టు మీది వ్యానుకు చేర్చడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని.

"ఎత్తవే. రావులపాలెం మార్కెట్టు మన కోసం ఆగుద్దా?"

"తొడలు పిండేసినట్టున్నాయయ్యా. భుజాలూ అంతే."

"మాత్రలేసుకుని మహారాణివైపోయావు."

రూతు నవ్వబోయింది. గెల జారి నీళ్ళ బోదెలో పడింది. ఆశీర్వాదం ఇంకో నాలుగు మాటలన్నాడు.

ఆ మాత్రలు తోటగలావిడ నాగరత్నానివి. ఊళ్ళో మెడికల్ క్యాంపులో రూతుకు కొలెస్ట్రాల్ ఎక్కువుందని నెలకు సరిపడా మాత్రలిచ్చారు. అవి అయిపోయాయి. పాతచీరలూ నిన్నటి కూరా ఇచ్చినట్టే, డాక్టరు తనకు మందు మార్చేస్తే మిగిలిపోయిన అట్టలు నాలుగు తెచ్చి నాగరత్నం ఆమె చేతిలో పెట్టింది.

"అదే మందే. పారేస్తే పాపం."

రూతుకు క్యాంపులో రాసింది పది మిల్లీగ్రాములు. ఇవి ఎనభైవి. మొగుడూ పెళ్ళాలిద్దరికీ అంకెలొచ్చు. ఊరికే ఇచ్చినదాని మీద అంకె చూసే అలవాటు లేదు.

నెప్పులు మొదలయ్యాక రూతు మానేస్తానంది. "పెద్దింటి మందే అది. మానేస్తే అమ్మగారేమనుకుంటారు?" అని ఆశీర్వాదమే నీళ్ళ గ్లాసుతో ఎదురుగా నిలబడి మింగించేవాడు.

గెల జారిన సాయంత్రం ఆమెకు మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. రాజమండ్రి ఆస్పత్రిలో డాక్టరమ్మ అట్ట తిప్పి చూసింది.

"మందు మంచిదే. ఈ మోతాదు ఈవిడది కాదు. కండ కరిగి కిడ్నీలు దెబ్బతిన్నాయి. నెప్పులు మొదలైన రోజే ఎందుకు తీసుకురాలేదు?"

ఐదో రోజు రూతు పోయింది.

జ్ఞాపకార్థ కూడిక అయ్యి పాస్టరుగారు వెళ్ళాక నాగరత్నం సంచితో వచ్చింది. కూరగిన్నె, రెండు పాత చొక్కాలు, అడుగున ఒక మాత్రల అట్ట.

"మోకాళ్ళ నెప్పులన్నావుగా. మావారివి, మిగిలాయి."

"వొద్దండి."

ఆ ఇంటి సంచిని ఆశీర్వాదం తండ్రి వద్దనలేదు, తాతా వద్దనలేదు.

"నేను మంచికే ఇచ్చానురా."

"అవునండి. మీరు మంచికే ఇచ్చారండి. నేనూ మంచికే మింగించానండి."

ఆవిడ సంచి అరుగు మీదే పెట్టేసి వెళ్ళిపోయింది. ఆశీర్వాదం దాన్ని ముట్టుకోలేదు. మర్నాటికి కూర పులిసింది. పక్కనే రూతు తలగుడ్డ, ఆమె చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉంది.