సాక్షి సీసాలో నొప్పి మందు

నా యంత్రం మీద నాకు నమ్మకం ఎక్కువ. మనుషుల మీద లేదని కాదు, కానీ మనుషులకు మొహమాటాలుంటాయి, యంత్రానికి ఉండవు. ఏరు సముద్రంలో కలిసే చోటును మేం మొగ అంటాం. ఆ మొగ నీళ్ళలో పురుగుమందులు, మనుషులు వాడే మందులు ఎంతెంత ఉన్నాయో చూసి చెప్పడం నా ఉద్యోగం. చెరువంత నీళ్ళలో చిటికెడు కలిపినా పట్టేస్తాను. గొప్పలు చెప్పుకోవడం కాదు, ఉన్నమాటే.

అలాంటి నాకు ఆ పొద్దున తల తిరిగిపోయింది.

నీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడల్లా ల్యాబు నుంచి ఒక సీసాలో శుద్ధమైన నీళ్ళు వెంట తీసుకెళ్తాం. పడవలో దాని మూత తీసి, మిగతా సీసాలతోపాటే కాసేపు ఉంచి, మళ్ళీ మూతపెట్టి తెస్తాం. దాన్ని సాక్షి సీసా అంటాం. అందులో ఏమీ ఉండకూడదు. ఉందంటే అది ఏటిది కాదు, మేం అంటించింది. ఆ పొద్దున సాక్షి సీసాలో నొప్పి మందు కనిపించింది. నడుము పట్టేసినా, కీళ్ళు నొప్పిగా ఉన్నా వాడతారే, అదే. మిగతా సీసాలన్నిటిలోనూ అంతే ఉంది. పురుగుమందు మాత్రం ఒక్కచోటి నీళ్ళలోనే దొరికింది. ఎగువ తోటల కంపెనీ కాలవ వచ్చి మొగలో పడుతుందే, అక్కడ.

మా పెద్దాయనకు ల్యాబులో చూద్దాంగారని పేరు. జీతం పెంచమన్నా చూద్దాం, పైకప్పు కారుతోందన్నా చూద్దాం. ఆ రోజు ఆయన చూద్దాం అనలేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, “ఈ విడత మొత్తం పక్కన పెట్టెయ్యమ్మా,” అన్నారు.

“పురుగుమందు నిజంగానే ఉంది సార్. సాక్షి సీసాలో అది లేదు కదా!”

“ఆ సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు. కంపెనీ మేనేజరు ఊరుకుంటాడా? మీ సాక్షి దొంగసాక్షి అంటాడు. మీటింగు ఎల్లుండి. మచ్చలేని నీళ్ళు తెస్తే సరే, లేకపోతే నోరు మూసుకుని కూర్చుందాం.”

నోరు మూసుకుని కూర్చోవడం మా ఇంటావంటా లేదు. పైగా ఇది మా ఇంటి గొడవ. మొగలో తినే గుల్లలు ఏరి అమ్ముకునే ఆడవాళ్ళందరికీ మా వదినే పెద్ద. ఈ ఏడు మొగ మధ్యనున్న ఇసుక దిబ్బమీద గుల్లలు నోళ్ళు తెరుచుకుని చచ్చిపోతున్నాయి. పిల్ల గుల్లల్ని కూడా వదలకుండా వీళ్ళే ఊడ్చేస్తున్నారు, వీళ్ళ పర్మిట్లు రద్దు చెయ్యండని కంపెనీ గోల. ఎల్లుండి మీటింగులో పర్మిట్ల కమిటీ తేల్చబోయేది అదే. పర్మిటు ఒకసారి పోయిందంటే మళ్ళీ రాదు. అది లేకపోతే వదిన ఇల్లెలా గడుస్తుంది? ఆమెను దిబ్బకు చేర్చే మా అన్నయ్య పడవకు పనేముంటుంది? తప్పు మీది కాదు, నీళ్ళది, నేను నిరూపిస్తానని వదినకు మాటిచ్చింది నేనే.

ల్యాబు పడవ రిపేరులో ఉండటంతో ఈ విడత నీళ్ళకు నేనూ అన్నయ్య పడవలోనే వెళ్ళాను. నేను ముందు కూర్చుని మీటరు చూస్తుంటే, వెనక నుంచి మూతలు తీసి సీసాలు అందించింది తనే. ఆలోచించిన కొద్దీ నాకు ఒళ్ళు మండింది. తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను.

వదిన వంటింట్లో గుల్లలు కడుగుతోంది. అన్నయ్య గుమ్మంలో కూర్చుని తాడు ముడులు విప్పుకుంటున్నాడు.

“అన్నయ్యా, చేతులు చూపించు.”

“ఎందుకే చిట్టీ? జాతకం చెప్తావా?”

చెయ్యి లాక్కుని వాసన చూశాను. ఘాటు ముక్కుపుటాల్ని అదరగొట్టింది.

“నొప్పికి పూతమందు రాసుకుంటున్నావా?”

“ఎవరూ, నేనా? ఛఛ!”

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, నిజమే గానీ, నువ్వు నా మొగుణ్ణి వాసన చూస్తుంటే నేనెక్కడికి పోవాలే?” అని నవ్వుతూ తనూ ఆ చెయ్యి అందుకుంది. నవ్వు ఆగిపోయింది. “ఇదా! మరి పడవ ఇరుసుకు రాసే నూనె అన్నావు కదయ్యా! పడవకు ఇరుసేమిటని నాకైనా తోచలేదు చూడు!”

అన్నయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

“గ్లౌజులిచ్చాను కదా, ఏం చేశావ్?” అన్నాను.

“తడి మూతలు జారిపోతున్నాయని తీసేశానే.”

“చెయ్యి పైకెత్తు.”

ఎత్తాడు. భుజం దాకా కూడా లేవలేదు. తెడ్డు పట్టుకుంటే ఇక ఈ చెయ్యి పనికిరాదని డాక్టరు ఎప్పుడో చెప్పాడట. మాకెవరికీ చెప్పకుండా పూత రాసుకుని పడవ నడుపుతున్నాడు.

“నేను తెడ్డు వదిలేస్తే నువ్వు దిబ్బకు పోవడం మానేస్తావని,” అన్నాడు వదినతో, నేల చూపులు చూస్తూ.

“మానేస్తానని నీతో చెప్పానా? నాకు చేతుల్లేవా? నోరు తెరిచి ఒక్కమాట చెప్తే నీ సొమ్మేం పోయింది?” వదిన తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. అంత నొప్పి పెట్టుకుని మొగంతా నన్ను తిప్పాడు, పైగా దారంతా జోకులేశాడు. కోపంతో వచ్చినదాన్ని తన పక్కనే కూర్చుండిపోయాను.

మర్నాడు పొద్దున సముద్రం వెనక్కి తీసే ఆటు సమయానికి మళ్ళీ వెళ్ళాం. ఈసారి తెడ్డు వదినది, గ్లౌజులు నావి, గట్టుమీద కూర్చుని అరవడం అన్నయ్యది. పడవ కాసేపు ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది.

“ఎడమ! ఎడమ అంటుంటే!”

“నీ ఎడమా నా ఎడమా? అరవకయ్యా, చేపలు బెదిరిపోతాయి!” అంది వదిన. కాలవ దగ్గరికి వచ్చేసరికి తెడ్డు ఆమె మాట వినడం మొదలుపెట్టింది. సీసాలన్నీ నేనే ముంచాను, నేనే మూశాను. దిబ్బమీద బతికున్న గుల్లల్ని కూడా ఓ సంచిలో వేసుకున్నాను. నీళ్ళు ఇవాళ ఉండి రేపు కొట్టుకుపోతాయి. గుల్ల అలా కాదు, తాగినదంతా ఒంట్లో దాచుకుంటుంది.

సాయంత్రానికి యంత్రం లెక్క తేల్చింది. సాక్షి సీసాలో ఏమీ లేదు. నొప్పి మందు ఊరి మురుక్కాలవ కలిసే చోట మాత్రం మిగిలింది. జనం మింగిన మందు ఒంట్లోనే ఉండిపోదు కదా, కొంత కాలవలోకే పోతుంది. దాన్నీ రిపోర్టులో చేర్చాను. అది ఊరందరం కలిసి చేసిన నిర్వాకం. ఇక పురుగుమందు ఎక్కడుందనుకున్నానో సరిగ్గా అక్కడే, కంపెనీ కాలవ నోటి దగ్గరే ఉంది. చంకలు గుద్దుకున్నాను. చూద్దాంగారు కూడా భలే భలే అన్నారు.

ఆ తర్వాత గుల్లల లెక్క వచ్చింది. నా ఉత్సాహమంతా నీరుగారిపోయింది. బతికున్న గుల్లల నిండా అదే పురుగుమందు. మనుషులు తినకూడనంత ఉంది.

వదినకు ముందే చెప్పాలనిపించింది. వెళ్ళేసరికి పొయ్యిమీద గుల్లలు ఉడుకుతున్నాయి. ఉన్నదున్నట్టు చెప్పాను.

“అంటే మా తప్పేం లేదని తేలింది,” అంది.

“తేలింది.”

“కానీ ఏరుకోడానికి లేదు, అమ్ముకోడానికి లేదు.”

“దిబ్బ శుభ్రపడేదాకా లేదు వదినా.”

“నిరూపించమన్నానే గానీ, నా పొట్ట కొట్టమన్నానటే?”

అన్నయ్య గొంతు తగ్గించి అన్నాడు: “గుల్లల సంగతి ఎత్తకపోతే ఎవరికి తెలుస్తుంది చిట్టీ? నీళ్ళ లెక్క చాలదూ?”

“నాకు తెలుసు కదా అన్నయ్యా.”

వదిన నా వంక కూడా చూడలేదు. పొయ్యి ఆర్పింది. గిన్నె ఎత్తుకెళ్ళి గుల్లలన్నీ చెత్తబుట్టలో గుమ్మరించింది. ఖాళీ గిన్నె కడిగి బోర్లించింది. “నా దగ్గర కొనేవాళ్ళు నన్ను చూసి కొంటారే, నీళ్ళను చూసి కాదు,” అంది. “చెప్పెయ్. అంతా చెప్పెయ్.”

మీటింగులో అంతా చెప్పాను, మొదటి విడత ఎందుకు పక్కన పెట్టామో కూడా. మేనేజరు కాచుకునే ఉన్నాడు, లేచాడు. “చూశారా, మొదటి నీళ్ళు కల్తీవని వీళ్ళే ఒప్పుకుంటున్నారు. రెండోసారి మాత్రం కల్తీ జరగలేదని నమ్మకమేమిటి?”

నేను నోరు తెరిచేలోపే వెనక వరసలోంచి అన్నయ్య లేచాడు. “ఆ మందు నా భుజానిదండీ. అనుమానముంటే వచ్చి వాసన చూసుకోండి. రెండోసారి నేను పడవ ఎక్కలేదు, సాక్షి సీసాలో ఏమీ రాలేదు. మీ పురుగుమందు మాత్రం రెండుసార్లూ వచ్చింది. దాన్ని నేను ఒంటికి రాసుకోను కదా!” హాలంతా గొల్లుమంది. మేనేజరు కూర్చున్నాడు.

పర్మిట్ల రద్దు మాట కమిటీ ఛైర్మన్ ఇక ఎత్తలేదు. కాలవలోకి ఒక్క చుక్క కూడా వదలకూడదని కంపెనీకి చెప్పాడు. ఇక దిబ్బ సంగతి. గుల్లలు ఏరేవాళ్ళు ఏమంటారని అడిగాడు. వదిన లేచి నిలబడింది.

“మూసెయ్యండి,” అంది. “పర్మిట్లు మా దగ్గరే ఉంటాయి. నీళ్ళు బాగుపడ్డాయని మా ఆడబిడ్డ చెప్పిన రోజున దిగుతాం. అందాకా ఒక్క గుల్ల ముట్టుకోం.”

“మంచి నిర్ణయం తీసుకున్నావమ్మా,” అన్నాడు మేనేజరు, బతుకుజీవుడా అన్నట్టు.

“మంచిదేనయ్యా. రేపట్నుంచి మాకు ఏరే పని లేదు కదా. అందరం వచ్చి మీ కాలవ గట్టుమీదే కూర్చుంటాం. మీ పురుగుమందు డ్రమ్ములు ఎక్కడ కడుగుతున్నారో, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో కాస్త చూసుకుంటూ ఉంటాం. మాకూ పొద్దుపోవాలి మరి.”

మేనేజరు మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఏదో బెదిరింపుకు అందిలే అనుకుని ఉంటాడు. వాడికి మా వదిన సంగతి తెలియదు. మర్నాడు పొద్దున నేను కాలవ దగ్గరికి వెళ్ళేసరికి గట్టుమీద కూర్చోడానికి చోటు లేదు.